బోధన్ బేగం గారి నష్టం రిటర్ను

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వస్తుంటారు. సెక్షన్లు ఎట్లా గుర్తు పెట్టుకోవాలి, ఆఫీసరు ముందు ఎట్లా మాట్లాడాలి అని అడుగుతారు. సెక్షన్లు పుస్తకంలో ఉంటాయి, యేటా మారతాయి కూడా. ఆఫీసర్లూ మారతారు. మారని సంగతి ఒకటుంది. అది నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఇల్లు పోగొట్టాక నేర్చుకున్నాను. పోయింది నా ఇల్లు కాదు, అందుకే రాయక తప్పడం లేదు.

ఇంట్లో చదువు

నేను బడికి పోయినదాన్ని కాదు. మా బాపు బోధన్ వైపు చెరుకు కాటా మీద గుమాస్తా. సీజన్‌లో బండి బండికీ తూకం చీటీ రాయడం ఆయన పని. పొద్దున స్నానం, దేవుడి దీపం అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాత చీటీల కట్ట విప్పి ముందు పోసి, "కూడు బిడ్డా" అనేవాడు. లెక్కలు అట్లా వచ్చాయి. నిజాం కాలపు కచేరీ కాగితమంతా ఉర్దూలోనే ఉండేది గనుక ఉర్దూ కూడా ఆయనే దిద్దించాడు. తెలుగు మా అవ్వ పారాయణం పుస్తకాల్లోంచి వచ్చింది. ఆ ఇద్దరికీ ఇవాళ్టికీ పొద్దున్నే మనసులో దండం పెట్టుకుంటాను.

పెండ్లయిన మూడేండ్లకు నా భర్త పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చాను. యాభై ఎనిమిదిలో, నిజామాబాద్‌లో ఇన్‌కమ్‌టాక్స్ పనులు చూసే వకీలు ఒకాయన బాపును అడిగాడు. ఇరవై యేండ్లు నేను పనిచేసింది ఆయన దగ్గరే. ఆయన్ను "మా సార్" అనే రాస్తాను.

"పర్దా ఇండ్లల్లకు నేను పోలేను. గుమాస్తాను పంపితే బయటి అరుగు మీదనే కూసోవెడ్తరు. ఆడోల్ల పేరు మీద దుకాణాల కిరాయిలున్నయి, షేర్లున్నయి. చదివి వినిపించి దస్కత్ తెచ్చే మనిషి కావాలె. నువ్వు పోతవా అమ్మా?" అన్నాడు నాతో.

బాపు నా దిక్కు చూశాడు. పోతానన్నాను.

ఉద్యోగం అంతే. ఫారాలు సంచీలో పెట్టుకుని నిజామాబాద్, బోధన్ ఇండ్లకు పోవడం, లోపలి గదిలో కూర్చుని కాగితంలో ఏం రాసి ఉందో ఉర్దూలోనో తెలుగులోనో చదివి చెప్పడం, సంతకం చేయించుకుని రావడం. తమ పేర ఏముందో చాలా మందికి తెలియదు. నేను చదువుతుంటే ఎవరి సంగతో విన్నట్టు వినేవాళ్ళు. "ఇన్ని నాయేనా?" అని ఒకావిడ నవ్వింది. పక్కనున్న కోడలు, "అత్తా, గట్లయితే నాకో చీర కొనియ్యి" అంది.

ఆ నవ్వులు విని నా పని బాగా చేస్తున్నాననుకునేదాన్ని.

నష్టాన్ని కూడా చెప్పుకోవాలి

తర్వాతి సంగతి అర్థం కావాలంటే ఇది కొంచెం చెప్పాలి.

ఒకరు షేర్లో, ప్లాటో, మిల్లులో వాటానో పడ్డ ధర కంటే తక్కువకు అమ్ముకున్నారనుకోండి. అది నష్టం. ఆ యేడు అదే రకం లాభం మరొకటి లేకపోతే ఆ నష్టాన్ని ముందు యేండ్లకు తీసుకుపోవచ్చు. రేపు ఇంకేదైనా అమ్మి లాభం వస్తే అందులోంచి పాత నష్టం తీసేసి, మిగిలినదానికే పన్ను. మా రోజుల్లో ఎక్కువ కాలం ఉంచుకుని అమ్మిన ఆస్తి నష్టానికి నాలుగేండ్ల గడువుండేది. దానికొక షరతు ఉంది. నష్టం వచ్చిన యేటి రిటర్ను జూన్ నెలాఖరు లోపల పడాలి. ఆ నష్టం అందులో రాసి ఉండాలి. నష్టపోయిన మనిషి దాని మీద సంతకం చేయాలి.

జనానికి ఇది ఎక్కదు. డిచ్‌పల్లి దిక్కు సేటు ఒకాయన ఉండేవాడు. వడ్ల మిల్లులో వాటా నష్టానికి అమ్ముకున్నాడు. రిటర్ను వేయమంటే మా సార్ మీదికి లేచాడు.

"లాభమొస్తే చెప్పుమన్నరు, చెప్పిన. నష్టమొచ్చినా చెప్పాల్నా? సర్కారు వచ్చి నా కండ్లు తుడుస్తదా పంతులూ?"

"తుడుస్తది సేటూ. రుమాలు మాత్రం జూన్ నెలాఖరు లోపల నువ్వే ఇయ్యాలె" అన్నాడు మా సార్.

గొణుక్కుంటూ సంతకం చేశాడు. రెండేండ్లకు రోడ్డు పక్క ప్లాటు అమ్మితే మంచి లాభం వచ్చింది. పాత నష్టం తీసేస్తే పన్ను సగానికి పడిపోయింది. బుట్టెడు బెల్లం తెచ్చి మా బల్ల మీద పెట్టి, "పంతులూ, ఇంకొంచెం నష్టం ఏడనన్న ఉన్నదేమో చూడరాదు!" అన్నాడు. ఆ బెల్లంతో దేవుడికి పరమాన్నం వండి, ఆఫీసులో అందరికీ పంచాను.

కాబట్టి ఆ నియమం నాకు తెలుసు. బాగా తెలుసు. తెలియక చేసిన తప్పు కాదు నాది.

బోధన్‌లో ఆ ఇల్లు

మెహరున్నిసా బేగం గారి భర్తకు బోధన్‌లో చెరుకు బండ్ల ఇరుసులు, చక్రాల ఇనుప పట్టాలు అమ్మే దుకాణం ఉండేది. ఆవిడ తన తండ్రికి ఒక్కతే కూతురు. ఆయన బతికుండగానే బజారులో రెండు ములిగీలు, అంటే రెండు దుకాణం గదులు, ఆవిడ పేర రాశాడు. ఒక బట్టల మిల్లు షేర్లు కూడా కొని ఇచ్చాడు. నేను ఆవిడను అక్కా అన్నట్టు "ఆపా" అనేదాన్ని. ఆపాకూ ఒక్కతే కూతురు, రజియా. తండ్రి జబ్బు ముదిరేనాటికి పన్నెండేండ్లు.

ఆపా మిగతావాళ్ళ లాగా కాదు. నేను చదువుతుంటే మధ్యలో ఆపేది. "గా లెక్క మల్లొకసారి చదువు. కిరాయిల నుంచి మరమ్మతు తీసేసినవా?" అని అడిగేది. తన పేరు ఉర్దూలో నెమ్మదిగా, గుండ్రంగా రాసేది. రాశాక సిరా ఆరేదాకా కాగితం వదిలేది కాదు.

అరవై మూడులో ఆమె భర్తకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. హైదరాబాద్‌లో వైద్యం. డబ్బు కోసం ఆపా తన షేర్లు అమ్మేసింది. ఆ మిల్లు అప్పటికే మూతపడేట్టు ఉంది. తండ్రి పెట్టినదాంట్లో నాలుగో వంతు కూడా చేతికి రాలేదు. తర్వాతి మార్చిలో భర్త పోయాడు.

మా సార్ కాగితాలు చూసి నాతో అన్నాడు. "సుభద్రమ్మా, ఈ షేర్ల నష్టం పెద్దది. బేగం సాబ్‌కు అక్కరకొచ్చేది ఇదొక్కటే మిగిలింది. జూన్‌ల రిటర్ను పడాలె. మర్చిపోకు."

గుమ్మం బయట

జూన్ చివరి వారంలో ఫారం నింపుకుని బోధన్ బస్సెక్కాను. ఆ ఇంటి ముందు గదిలో మరిది హమీద్ సాబ్ ఉన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు. గుమ్మానికి మందపాటి తెర కట్టి ఉంది. లోపల ఎవరో ఆడమనిషి ఖురాన్ చదువుతున్నారు. గొంతు సన్నగా, ఎత్తుపల్లాలు లేకుండా వస్తోంది.

"వదినెది ఇద్దత్ నడుస్తున్నది అమ్మా" అన్నాడు హమీద్ సాబ్. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండే నియమం అది. "ఆమె ఇప్పుడు కాగితం కలం ముట్టది. గీ లోకం సంగతులు ఆమెకు చెప్పుడు మంచిగుండదు."

"రిటర్ను మీద ఆపా సంతకం కావాలె హమీద్ సాబ్. ఇంక మూడు రోజులే ఉన్నయి."

"ఇంటి పెద్దను నేనున్న గదా. ఆమె తరఫున నేను గాక ఎవరు చేస్తరు? ఇటియ్యి."

నా సంచీలో ఫారం ఉంది. తెరకూ నాకూ మధ్య నాలుగడుగులు. నేను ఆడదాన్ని, ఆ తెర నాకు అడ్డం కాదు. ఎన్నోసార్లు దాన్ని పక్కకు జరిపి లోపలికి పోయినదాన్నే. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నదే అందుకు.

కాని లోపలి ఆ గొంతు వింటుంటే నాకు మనసు కరిగిపోయింది. భర్త పోయిన మనిషి దేవుడి మాట వింటూ కూర్చుంది, ఈ పన్నుల గోల తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టడం పాపం అనిపించింది. చెప్పులు విడిచి, తెర దిక్కు చేతులు జోడించాను. ఫారం హమీద్ సాబ్‌కు ఇచ్చాను. ఆయన ఉర్దూలో "మెహరున్నిసా బేగం" అని గబగబా రాసి ఇచ్చాడు.

తిరుగు బస్సులో నాకు చాలా ప్రశాంతంగా ఉంది. మంచి పని చేశాననుకున్నాను.

ఆఫీసులో మా సార్ సంతకం వైపు చూసి, "బేగం సాబ్ ఎట్లున్నది?" అని అడిగాడు.

"ఇద్దత్‌ల ఉన్నరు సార్."

"దస్కత్ పెట్టింది గదా?"

"ఇంట్ల నుంచే తెచ్చిన సార్" అన్నాను.

ఔననలేదు. కాదనలేదు. ఆయన ఉర్దూ బాగా చదువుతాడు. పేరు చదువుకుని ఫారం పక్కన పెట్టాడు. నిజం చెప్పి ఉంటే గడువు పెంచమని ఆపా పేర ఒక అర్జీ రాయించేవాడు. పావు గంట పని. ఆ మాట నాకు తర్వాత ఆయనే చెప్పాడు.

మా మాట మీద

రిటర్ను గడువులోనే దాఖలైంది. పన్ను రాని రిటర్ను గనుక ఆఫీసులో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రెండేండ్లు ఫైలులో అట్లాగే ఉంది.

ఆ రెండేండ్లలో ఆపా ఇంట్లో పరిస్థితి చెడింది. హమీద్ సాబ్ తన వాటా అమ్ముకుని నాందేడ్‌లో వ్యాపారం పెడతానన్నాడు. ఇంట్లో సగం ఆయనదే. కొడుకు లేని అన్న సగంలోంచి కూడా వాళ్ళ షరియత్ లెక్కలో కొంత ఆయనకే పోయింది. పెద్దలు కూర్చుని ధర కట్టారు. ఆపా ఆ సొమ్ము కడితే ఇల్లంతా ఆమెది, కట్టకపోతే ఇల్లు అమ్మి పంచుకోవాలి.

ఆ ఇంటి పెరట్లో చేదబావి ఉంది. చుట్టూ ఎత్తు గోడ. ఆపా ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నీళ్ళ కోసం బయటికి పోయి ఎరగదు. "కిరాయింటికి పోతే నల్లా కాడ నిలవడాలె. నేనన్న నిలవడ్త. రజియాను నిలవెట్టను" అంది నాతో.

చేతిలో మిగిలినవి తండ్రి ఇచ్చిన రెండు ములిగీలు. అవి ఆయన ఎన్నడో చవకలో కొన్నవి. అమ్మితే లాభం బాగానే వస్తుంది, దాని మీద పన్ను పడుతుంది. మా సార్ లెక్క కట్టాడు. షేర్ల నష్టం ముందుకు తెస్తే ఆ లాభం దాదాపు అంతా కొట్టుకుపోతుంది. ములిగీల సొమ్ము మరిది వాటాకు సరిగ్గా సరిపోతుంది. పన్ను కట్టాల్సి వస్తే చాలదు.

ఆ కబురు నేనే తీసుకుపోయాను.

"పన్ను పడదు ఆపా. షేర్ల నష్టం తీసేస్తరు."

"పక్కానా?"

"పక్కా."

"మల్ల చెప్పు సుభద్రా. నా దగ్గర దాచుకున్నదేం లేదు. గాజులు సుత ఆయన దవాఖాన్ల కాలంలనే పోయినయి."

"పక్కా ఆపా."

ఆ క్షణాన హమీద్ సాబ్ చేసిన సంతకం నాకు గుర్తు రాలేదని రాసుకోవాలని ఉంది. కాని వచ్చింది. రెండేండ్ల నుంచి ఎవరూ అడగలేదు గదా, ఇంకేం అడుగుతారు అనుకుని తోసేశాను. దేవుడున్నాడు, చూసుకుంటాడు అనుకున్నాను. నేను చేయాల్సిన పని ఆయన మీద వేశాను.

ఆపా ములిగీలు అమ్మింది. ఆ సొమ్మంతా పెద్దల ముందు హమీద్ సాబ్ చేతిలో పెట్టింది. ఆయన నాందేడ్ పోయాడు.

ఆఫీసరు గదిలో

అప్పటి ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, గొంతు పెంచడు. ఆయనకు ఉర్దూ రాదు. అదే మా మెడకు చుట్టుకుంది. ఆ కాగితాన్ని మా సార్, ఆఫీసు గుమాస్తాలు అందరూ చదివారు. చదివితే పేరు సరిపోయింది. ఆయనకు చదవడం రాదు గనుక బొమ్మను చూసినట్టు చూశాడు. ములిగీల అమ్మకం రిటర్ను మీద ఒక బొమ్మ, షేర్ల నష్టం రిటర్ను మీద ఇంకొక బొమ్మ. ఒకటి గుండ్రంగా నింపాదిగా ఉంది. ఇంకొకటి ఈడ్చినట్టుంది.

ఆపాను పిలిపించాడు. బురఖాలో వచ్చింది. పక్కన నన్ను కూర్చోనిచ్చాడు. మా సార్ ఎదురుగా ఉన్నాడు. ఆఫీసరు పాత రిటర్ను ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, ఇది మీరు చేసిన సంతకమేనా? తొందర లేదు. బాగా చూసి చెప్పండి."

ఆపా ఆ కాగితాన్ని అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. వంగి చూసింది. తల తిప్పి నా దిక్కు చూసింది. ముసుగు జాలీలోంచి కండ్లు కనిపించలేదు గానీ ఎంతసేపు చూసిందో నాకు తెలుసు. ఔనంటే ఆ కేసు అక్కడితో అయిపోతుంది. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. లెక్కలు అర్థం చేసుకునే మనిషి.

"కాదు సాబ్. ఇది నా చెయ్యి కాదు" అంది.

"మరి ఎవరిది?"

"నాకు ఎర్క లేదు. మా మరిది రాత తీరుగున్నది."

అప్పుడు నేను నోరు విప్పాను. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు పెట్టారో, నేను ఎందుకు తెచ్చానో అంతా చెప్పాను. ఆఫీసరు రాసుకుంటూ పోయాడు. చివరికి కలం పక్కన పెట్టాడు.

"మీరు నిజం చెప్పారు. ఆవిడా నిజమే చెప్పారు. కానీ మీ ఇద్దరి మాటతో ఈ రిటర్ను ఆవిడది కాదని ఖాయమైపోయింది కదమ్మా. ఆవిడది కాని రిటర్ను మీద ఆవిడ నష్టం ఎట్లా లెక్క కట్టమంటారు?"

"కొత్తది సంతకం చేయించి ఇస్తాం సార్" అన్నాడు మా సార్.

"ఎప్పటి గడువు వకీలు గారూ! రెండేళ్ళు దాటింది."

ములిగీల లాభం మొత్తానికి పన్ను పడింది. అప్పీలు కూడా పోయింది. ఆలస్యంగా పడ్డ నష్టం రిటర్నుల విషయంలో పై కోర్టు వేరే మాట చెప్పిందని కొన్నేండ్ల తర్వాత చదివాను. చదివి పుస్తకం మూసేశాను. అప్పటికి ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారు.

రిక్షాలో

ఆఫీసు నుంచి బస్టాండుకు ఆపాతో రిక్షాలో వచ్చాను. ఒక గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు ముసుగు పైకెత్తింది.

"ఆ రోజు నువ్వు మా ఇంటికొచ్చినవా?"

"వచ్చిన ఆపా."

"బయటి అర్రలనే ఉన్నవా?"

"మీరు ఇద్దత్‌ల ఉన్నరని… లోపల ఖురాన్ చదువుతున్నరు…"

"చదివేది మా పిన్ని. నేను పక్కన గిన్నెలు తోముకుంట ఉన్న." నా దిక్కు తిరిగింది. "ఇద్దత్‌ల నేను గడప దాటి బయటికి రావద్దు. నువ్వు గడప దాటి లోపలికి రావద్దని ఎవరు చెప్పిన్రు? దస్కత్ పెట్టద్దని ఎక్కడ రాసున్నది? సచ్చింది మా ఆయన. నేను బతికే ఉన్న గదా సుభద్రా. నన్నెందుకు అడగలే?"

నా భర్త పోయినప్పుడు ఏడాది పాటు నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఏం తినాలో, ఎక్కడ ఉండాలో, నా పెట్టెలో చీరలు ఎవరికి ఇవ్వాలో అన్నీ గుమ్మం బయటే తేలిపోయాయి. ఆ బాధ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఇంకొక మనిషికి అదే చేశాను.

హమీద్ సాబ్ కావాలని చేశాడా అని చాలా మంది అడిగారు. ఆయనకు అంత చట్టం తెలుసునని నేను అనుకోను. ఆమెను అడగాల్సిన పని లేదనుకున్నాడు, అంతే. నేనూ అదే అనుకున్నాను. కాకపోతే నేను చేతులు జోడించి అనుకున్నాను.

మా సార్

ఆయన గురించి ఒక మాట. ముక్కోపి. లెక్కలో తప్పు దొరికితే ఫారం నలిపి మొహాన కొట్టేవాడు. ఆ రోజు మాత్రం అరవలేదు. ఆఫీసరు ముందు "మా ఆఫీసు తప్పు" అన్నాడు గాని నా పేరెత్తలేదు. బయట కూడా నన్ను ముందుకు నెట్టలేదు. ఆ యేడు బోధన్ పార్టీలు నలుగురైదుగురు మమ్మల్ని వదిలి వేరే వకీలు దగ్గరికి పోయారు. దాని గురించీ ఒక్క మాట అనలేదు.

సాయంత్రం నేను రాజీనామా కాగితం బల్ల మీద పెడితే చదివి పక్కకు నెట్టాడు.

"పోతె ఇల్లు తిరిగొస్తదా?"

"రాదు సార్."

"మరి కూసో. వాయిదాలు ఇయ్యమని అర్జీ రాయాలె." తెల్ల కాగితం నా ముందుకు జరిపి అన్నాడు. "నీ భక్తి మంచిదే సుభద్రమ్మా. కాని ఆమెకు ఆ రోజు కావాల్సింది నీ దండం కాదు, కలం."

అంతకంటే గట్టిగా నన్ను ఎవరూ తిట్టలేదు. ఆ మాటకు ఆయనకు రుణపడి ఉన్నాను.

వాయిదాలు ఇచ్చారు. ఆపా రెండు కట్టింది. మూడోది కట్టలేకపోయింది. వసూలు కాగితం కలెక్టరాఫీసుకు పోయింది. ఇంటికి జప్తు నోటీసు అంటిస్తారని తెలిసి, బజారులో దండోరా వేయించుకోవడం ఇష్టం లేక, తనే ఇల్లు అమ్మేసింది. తొందరలో అమ్మిన ఇల్లు, ధర పలకలేదు. పన్ను, ఇతర బాకీలు పోగా మిగిలింది చాలా కొద్ది. రజియా బడి ఆ యేడే ఆగిపోయింది.

జూన్ నెలలు

ఇల్లు ఖాళీ చేశాక వచ్చిన మొదటి జూన్‌లో నేను వాళ్ళ అద్దె గదులు వెతుక్కుంటూ పోయాను. బోధన్‌లోనే, రెండు చిన్న గదులు, వాకిట్లో నలుగురి నల్లా. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. రజియా నన్ను చూసి చాట తీసుకుని లోపలికి పోయింది. ఇంకెప్పుడూ నాతో మాట్లాడలేదు.

పలకరించి పోదామని వచ్చానన్నాను.

"ఫారం తెచ్చినవా?" అంది ఆపా.

"ఈసారి మీకు పన్ను పడేంత ఆదాయం లేదు ఆపా. రిటర్ను వేయాల్సిన అవసరం లేదు."

"అవసరమున్నదో లేదో నేను అడగలే. ఇంతకుముందు నా సంగతి నీకే ఎర్కనుకున్నవు. ఫారం ఉన్నదా లేదా?"

మరుసటి రోజు మళ్ళీ బస్సెక్కి ఫారం తీసుకుపోయాను. మొదటి నుంచి చివరిదాకా చదివి చెప్పాను. కిరాయిలు లేవు. షేర్లు లేవు. అమ్మినవీ కొన్నవీ ఏమీ లేవు. ప్రతి గడి దగ్గరా "లేదు" అని నేను చదవడం, "ఊఁ" అని ఆమె వినడం. చివర్న సంతకం చేసి, సిరా ఆరేదాకా పట్టుకుని ఇచ్చింది.

అట్లా పదేండ్లు. నేను ఉద్యోగం మానేదాకా ప్రతి జూన్‌లో పోయాను. ఆ ఖాళీ రిటర్ను తీసుకుని ఆఫీసు గుమాస్తా నవ్వేవాడు. నేను రసీదు అడిగి తీసుకుని ఆమెకు ఇచ్చేదాన్ని. క్షమించానని ఆపా ఒక్కసారి కూడా అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. కాని ఏ యేడూ తలుపు తీయకుండా ఉండలేదు. అందుకు ప్రతిరోజూ దీపం ముందు ఆమె పేరు తలుచుకుంటాను.

చివరిసారి పోయినప్పటికి ఆమె కండ్లకు పొర కమ్మింది. ఫారం అంతా చదివాను. సంతకం గీత ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. కలం కాగితం మీద గాలిలో తిరుగుతోంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని గీత దగ్గరికి తీసుకుపోబోయాను.

"చెయ్యి ఇడువు" అంది. "జాగ చూపియ్యి, చాలు."

వేలు పెట్టి చోటు చూపించాను. ఆమె నా వేలిని తడిమి, దాన్ని పక్కకు జరిపి, తన పేరు రాసుకుంది.